గొంతులో ఇంకాస్త మిగిలి ఉండగానే ఆపేయండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. చిన్నప్పుడు ఆరేళ్ళు సంగీతం నేర్చుకుని వదిలేశారు, ఇప్పుడు 34 ఏళ్ళకి మళ్ళీ మొదలుపెట్టారు. రోజూ గంటన్నర సాధన అని పట్టుబట్టి కూర్చుంటే తొమ్మిదో పదో రోజుకల్లా గొంతు బొంగురుపోతోంది, ఓ పది రోజులు మానేస్తున్నారు, తగ్గగానే మళ్ళీ అదే గంటన్నర. ఇలా మూడుసార్లయింది. వార్మప్ ఎంతసేపు, అందులో ఏం చేయాలి, పొద్దున్నే లేచి పాడాలా, పైస్థాయిలో గొంతు ఎందుకు చీలిపోతోంది అని అడిగారు. చివర్లో "నాకు పట్టుదల లేదేమో" అని కూడా రాశారు. పట్టుదల లేనివాళ్ళ గొంతు బొంగురుపోదండీ. మీ చిక్కంతా మోతాదు దగ్గరే ఉంది.

ఇది అనుభవం మీద చెప్తున్నాను. ఇరవయ్యారేళ్ళ వయసులో ఒక పోటీ కోసం రోజుకి మూడు గంటలు పాడేవాణ్ణి. మధ్యలో జలుబు చేసింది, అయినా ఆపలేదు, గొంతు జీరపోతే "సాధన చాలక" అనుకుని ఇంకో అరగంట కలిపాను. పోటీ సంగతి దేవుడెరుగు, మామూలుగా మాట్లాడటానికే గొంతు పెగలని స్థితి వచ్చింది. ఈఎన్‌టీ డాక్టరు కెమెరా పెట్టి స్క్రీన్ మీద చూపిస్తే స్వరతంత్రుల మీద రెండు వైపులా చిన్న చిన్న కాయలు. ఆపరేషన్ అక్కర్లేకుండానే, మాట్లాడే తీరూ పాడే తీరూ మార్చుకుంటే కొన్ని నెలల్లో తగ్గాయి. ఆ తర్వాత ఇరవై ఏళ్ళుగా పిల్లలకీ పెద్దలకీ పాట నేర్పుతున్నాను. నేర్పేవాడిగా నాకున్న నియమం ఒక్కటే, గొంతులో ఇంకాస్త మిగిలి ఉండగానే ఆపేయాలి. కింద చెప్పేవన్నీ దాని చుట్టూ తిరిగేవే.

ముందు లోపల ఏం జరుగుతోందో చూద్దాం, ఎందుకంటే అది తెలిస్తే సగం తప్పులు వాటంతట అవే మానేస్తారు. స్వరతంత్రులు అనే పేరు విని తీగల్లాంటివేవో ఉంటాయనుకుంటాం. అవి రెండు మెత్తటి మడతలు. ఆడవాళ్ళలో పొడవు 11 నుంచి 15 మిల్లీమీటర్లు, మగవాళ్ళలో 17 నుంచి 21 దాకా, అంటే రమారమి బొటనవేలి గోరంత. మీ శ్రుతి ఐదు, అంటే హార్మోనియం మీద ఐదో తెల్లమెట్టు, అన్నారు కదా. ఆ శ్రుతిలో మధ్యస్థాయి షడ్జమం, అంటే మామూలు "స", పట్టుకుంటే ఆ మడతలు సెకనుకి 196 సార్లు ఒకదానికొకటి తగులుతాయి. తారస్థాయి షడ్జమం, అంటే పై "స", అయితే 392 సార్లు. కింది షడ్జమం మీదే పది నిమిషాలు కూర్చున్నా లక్షా పదిహేడు వేల తాకిళ్ళు! చేతులతో ఎంతసేపు చప్పట్లు కొడితే ఎర్రబడతాయో ఆలోచించండి. మెల్లగా తగిలితే రోజంతా తట్టుకుంటాయి, గట్టిగా కొట్టుకుంటే వాస్తాయి. వాచినవి సరిగ్గా మూసుకోవు, సందులోంచి గాలి పోతుంది, ఆ గాలిని కప్పిపుచ్చడానికి మనం ఇంకా నొక్కి పాడతాం, ఇంకా వాస్తాయి. మీ తొమ్మిదో రోజు కథ ఇదే.

కాబట్టి వార్మప్ అంటే గొంతుని అరిపించి వేడెక్కించడం కాదు, ఇవాళ గొంతు ఎలా ఉందో అడిగి తెలుసుకోవడం. చాలామంది కూర్చోగానే నిండు గొంతుతో అకారం, అంటే "ఆ" అంటూ స్వరాలు, ఎత్తుకుంటారు, లేదా తమకి బాగా ఇష్టమైన పాటలోని కష్టమైన చరణం దగ్గరే మొదలుపెడతారు. మీరు రాసినదాన్నిబట్టి మీరు చేస్తున్నది ఈ రెండోది. పాటే వార్మప్ అయిపోయింది, అసలు వార్మప్ లేదు.

నేను చేయించే వరస చెప్తాను, మొత్తం పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు. మొదట రెండు నిమిషాలు అసలు శబ్దమే వద్దు. మెడ అటూ ఇటూ మెల్లగా తిప్పండి, భుజాలు పైకి లేపి వదిలేయండి. చెవికి కాస్త ముందు దవడ కీలు ఉంటుంది చూడండి, అక్కడ వేళ్ళతో చిన్నగా రుద్దండి, నోరు దానంతట అదే కాస్త వేలాడాలి. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళకి బిగుతంతా దవడలోనూ నాలుక మొదట్లోనూ ఉంటుంది. గడ్డం కింద మెత్తటి చోట బొటనవేలు పెట్టి పాడి చూడండి, పై స్వరానికి వెళ్ళినప్పుడు అక్కడ గట్టిపడి వేలిని తోస్తోందంటే నాలుక మొదలు బిగిసినట్టే. తర్వాత ఊపిరి తీసుకుని "స్స్స్" అని సన్నగా, ఒకే తీరుగా వదలండి. పదిహేను ఇరవై సెకన్లు చాలు, నాలుగైదుసార్లు. ఇందులో రికార్డులు కొట్టాల్సిన పని లేదు. చివరి బొట్టు దాకా పిండుకుంటే గొంతు బిగుసుకుంటుంది, మనకి కావాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం.

ఇక్కడో పక్కమాట. "డయాఫ్రం నుంచి పాడు" అని ప్రతి వీడియోలోనూ చెప్తారు. డయాఫ్రం ఊపిరి లోపలికి తీసుకునే కండరం, బయటికి తోసేది కాదు. పాడేటప్పుడు అది ఒక్కసారిగా వదిలేయకుండా మెల్లమెల్లగా సడలాలి, పొట్ట కండరాలూ పక్కటెముకల మధ్య కండరాలూ దానికి సాయం పడతాయి. ఆ మాటకి అర్థం పొట్ట బిగబట్టడం అనుకుని వచ్చినవాళ్ళు నా దగ్గర కనీసం యాభైమంది ఉంటారు. మీరు చూసుకోవాల్సింది ఒక్కటే: ఊపిరి తీసుకున్నప్పుడు భుజాలు లేవకూడదు, పక్కటెముకలు వెడల్పవ్వాలి, పాడుతున్నంతసేపూ అవి టక్కున కూలిపోకూడదు. అంతే.

ఆ తర్వాత అసలు పని. పసిపిల్లలు పెదాలు ఆడిస్తూ బుర్ర్‌మంటారు చూడండి, అదే. పెదాలు వదులుగా పెట్టి బుర్ర్ అంటూ దానికి శ్రుతి కలపండి. స రి గ మ ప మ గ రి స అని నోటితో అనకుండా ఆ బుర్రులోనే ఎక్కి దిగండి. రెండు చేతులతో బుగ్గలు కొంచెం పైకి ఎత్తి పట్టుకుంటే సులువుగా వస్తుంది. పెదాలు ఆగిపోతున్నాయంటే ఊపిరి సమంగా రావట్లేదని, లేదా ఎక్కడో బిగబడుతున్నారని అర్థం, అంటే ఇది వ్యాయామమూ పరీక్షా రెండూ. ఎంతకీ రానివాళ్ళు స్ట్రా పెట్టుకోండి. సన్నటి స్ట్రా పెదాల మధ్య పెట్టుకుని, గాలి ముక్కులోంచి పోకుండా, దానిలోంచి "ఊ" అంటూ స్వరాలు పలకడం. గ్లాసు నీళ్ళలో రెండు మూడు సెంటీమీటర్ల లోతున ముంచి బుడగలు తీస్తూ చేసినా సరే. చూసేవాళ్ళకి నవ్వొస్తుంది గానీ, దీని వెనక ఉన్న సంగతి గట్టిది. నోటి దగ్గర దారి ఇరుకైతే కొంత ఒత్తిడి వెనక్కి తిరిగొచ్చి స్వరతంత్రుల పైన నిలుస్తుంది, దాంతో అవి గట్టిగా కొట్టుకోకుండానే తేలిగ్గా కంపిస్తాయి. తక్కువ దెబ్బతో ఎక్కువ పని. ఇంగో టిట్జె అనే గొంతు శాస్త్రవేత్త దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చారు. నా గొంతు పాడైనప్పుడు స్పీచ్ థెరపిస్టు మొట్టమొదట చేతిలో పెట్టింది కూడా స్ట్రానే, అప్పట్లో నన్ను ఆటపట్టిస్తున్నారేమో అనుకున్నాను. దీనికి నాలుగైదు నిమిషాలు ఇవ్వండి. ఏదైనా ఒక్కటే చేసే తీరిక ఉన్న రోజు ఇదే చేయండి.

తర్వాత నోరు మూసి "మ్మ్", పెదాల దగ్గరా ముక్కు దూలం దగ్గరా గిలిగింతలాంటి అదురు తెలియాలి. ఆ అదురు పోకుండా "మ్మ్మా" అని నోరు తెరవండి. ఆపైన "ఊ" అంటూ కింద నుంచి పైకి, పై నుంచి కిందకి మెట్లు లేకుండా జారండి, సైరన్ మోగినట్టు, కానీ చాలా చిన్నగా. ఇది గట్టిగా చేస్తే ప్రయోజనం పోతుంది. ఎక్కడో ఒకచోట గొంతు తడబడుతుంది, తడబడనీయండి, అక్కడ బలం పెట్టి దాటొద్దు. చివర్లో మాత్రమే అకారం, అదీ పంచమం ("ప") దాకానే, మధ్యరకం గొంతుతో.

వార్మప్ అయ్యేసరికి మీకు ఒక విషయం తెలిసిపోవాలి: ఇవాళ గొంతు హాయిగా ఉందా, మొండికేస్తోందా. మొండికేస్తే ఆ రోజు సాధన సగమే. దీన్ని బద్ధకం అనుకోకండి.

నీళ్ళ సంగతి క్లుప్తంగా. తాగిన నీళ్ళు స్వరతంత్రులకి తగలవు, తగిలితే పొలమారుతుంది. నీళ్ళు కడుపులోకి వెళ్ళి ఒంటికి పట్టి అక్కడికి చేరడానికి టైం పడుతుంది కాబట్టి, పాడే ముందు గటగటా తాగడం కన్నా రోజంతా కాస్త కాస్తగా తాగడం మేలు. నేరుగా తడి తగలాలంటే ఆవిరి పట్టడమే. ఇంకోటి, మాటిమాటికీ "ఖళ్" మని గొంతు సవరించుకునే అలవాటు ఉంటే ముందు దాన్ని మానండి. అది ఆ రెండు మడతల్నీ గట్టిగా రాపాడించడమే, చిరాకు పెరిగి ఇంకా జిగురు ఊరుతుంది, మళ్ళీ సవరించుకోవాలనిపిస్తుంది. బదులుగా గుటక మింగండి, లేదా చిన్నగా "హ్మ్" అనండి. గొంతు బాగోలేనప్పుడు గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి అనుకుంటారు, చాలామందికి గుసగుసలోనే బిగుతు ఎక్కువ. మాట్లాడకపోవడం, తప్పకపోతే మెల్లగా మామూలు గొంతుతో మాట్లాడటం, ఈ రెండే.

ఇప్పుడు అసలు సాధన. మొదటి నెల వార్మప్ కాకుండా ఇరవై నిమిషాలు, అంతకు మించొద్దు. తక్కువనిపిస్తుంది, తెలుసు. ఆ ఇరవైలో పది నిమిషాలు మొట్టమొదటి పాఠాలైన సరళీ స్వరాలకి ఇవ్వండి. మీరు చిన్నప్పుడు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, గడగడా పాడేసి ఉంటారు, ఇప్పుడు మొదటి కాలంలోనే, ఒక్కో స్వరం నాలుగేసి సెకన్లు నిలిపి పాడండి, తంబూరా శ్రుతి తప్పనిసరి. స్వరం ఎత్తుకున్నాక శ్రుతిలోకి జరుపుకోవడం వేరు, ఎత్తుకోవడమే శ్రుతిలో ఎత్తుకోవడం వేరు. రెండోదాని కోసం పాడే ముందు ఒక్క క్షణం ఆ స్వరాన్ని మనసులో వినండి. ఒక రోజు సరిగమపదనిసతో, మర్నాడు అదే వరస "మా"తో, ఆపై అకారంతో. తంబూరా చప్పుడు చిన్నగా పెట్టుకోండి, శ్రుతిలో కలిసినప్పుడు మీ గొంతు అందులో కరిగిపోయినట్టు ఉంటుంది, ఆ సంగతి పెద్ద చప్పుడులో తెలియదు.

మిగిలిన పది నిమిషాలు పాట. మొత్తం పాట కాదు, నాలుగు లైన్లు. ఇక్కడ అందరూ చేసే పొరపాటు, మొదటి నుంచి చివరిదాకా పాడేయడం, కష్టమైన సంగతి, అంటే లైనులో స్వరాలు మలుపు తిరిగే చోటు, దగ్గర తప్పు పోతే నవ్వేసి ముందుకెళ్ళడం. పదిసార్లు అలా పాడితే ఆ తప్పుని పదిసార్లు సాధన చేసినట్టే కదా! ఆ ఒక్క సంగతినే విడదీసి, సగం వేగంలో, పదాలు తీసేసి, మొదట బుర్ర్‌తో, తర్వాత "మా"తో, చివర్లో సాహిత్యంతో పాడండి. అలా రెండు మూడు సంగతులు ఎంచుకుని ఒకదాన్నే ఇరవైసార్లు అరగదీయకుండా మార్చి మార్చి పాడండి. అక్కడికక్కడ తక్కువ వచ్చినట్టనిపిస్తుంది గానీ మర్నాటికి గుర్తుండేది ఇలా చేసిందే. రాత్రి నిద్రపోయి లేచాక నిన్న రానిది ఇవాళ దానంతట అదే పలకడం నా శిష్యుల్లో ఎన్నిసార్లు చూశానో.

ఇయర్‌ఫోన్లు రెండు చెవుల్లో పెట్టుకుని పాటతో పాటు పాడుతున్నానన్నారు. అది ఈ రోజే ఆపండి. చుట్టూ చప్పుడు ఎక్కువైతే మనకి తెలియకుండానే గొంతు పెంచుతాం, ఎతియెన్ లొంబార్ అనే ఫ్రెంచి డాక్టరు 1911లోనే దీని గురించి రాశారు, ఇప్పటికీ ఆయన పేరుతోనే చెప్తారు. మీ చెవిలో ఆర్కెస్ట్రా మొత్తం మోగుతుంటే మీ గొంతు మీకు వినపడదు, వినపడేదాకా అరుస్తారు. ఒక చెవి ఖాళీగా ఉంచండి, వాల్యూం తగ్గించండి. ఇంకా ముఖ్యం, పాడినవాళ్ళ శ్రుతి మీ శ్రుతి కావాలని లేదు. ట్రాక్‌ని రెండు మూడు మెట్లు కిందకి దించే యాప్‌లు బోలెడున్నాయి. దించి పాడితే చిన్నతనం ఏం లేదు, కచేరీల్లో అందరూ ఎవరి శ్రుతి వాళ్ళే పెట్టుకుంటారు.

పైస్థాయిలో చీలడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. స్వరతంత్రుల్ని మందంగా, పొట్టిగా చేసే కండరం ఒకటి, సాగదీసి సన్నం చేసేది ఇంకొకటి. మామూలుగా మాట్లాడే గొంతులో మొదటిదాని పని ఎక్కువ. పైకి వెళ్ళేకొద్దీ మొదటిది మెల్లగా తగ్గి రెండోది అందుకోవాలి. మీరు మాట్లాడే గొంతునే, అదే బరువుతో, పైకంటా మోసుకెళ్తున్నారు. ఒకచోట మొదటి కండరం ఇక నావల్ల కాదని వదిలేస్తుంది, రెండోది ఇంకా సిద్ధంగా లేదు, అదే ఆ చీలిక. బలం చాలక కాదు, బరువు ఎక్కువై. మన దగ్గర సన్నటి గొంతుని దొంగగొంతు అని చిన్నచూపు చూస్తారు, కచేరీలో దాంతో పాడమని నేనూ అనను, కానీ వ్యాయామంలో దానికి చోటుంది. పై షడ్జమం దగ్గర సన్నగా, గాలిగా "ఊ" అని మొదలుపెట్టి మెట్టు మెట్టుగా కిందకి దిగండి, ఆ తేలికతనాన్ని వీలైనంత కిందిదాకా తెచ్చుకోండి. కింద నుంచి ఎక్కడం కాదు, పై నుంచి దిగడం. రోజుకి మూడు నిమిషాలు చాలు. రెండు నెలల్లో ఆ అతుకు దానంతట అదే మెత్తబడుతుంది. పై స్వరంలో "ఈ" వస్తే పళ్ళు బిగించి నవ్వుతున్నట్టు పాడకండి, దవడ కాస్త దించి "ఈ"కీ "ఏ"కీ మధ్య ఎక్కడో పలకండి, వినేవాళ్ళకి "ఈ" గానే వినిపిస్తుంది.

పొద్దున్నే పాడాలా అంటే, మీకు కుదిరే టైం ఏదైతే అదే. నిద్ర లేచిన వెంటనే స్వరతంత్రులు కొంచెం ఉబ్బి ఉంటాయి, అందుకే పొద్దున గొంతు బొంగురుగా, కిందకి ఉంటుంది. లేచిన గంట తర్వాతైతే మేలు. తెల్లవారుజామున మంద్రస్థాయిలో, అంటే కింది స్వరాల్లో, మెల్లగా స్వరాలు నిలపడం మంచి అలవాటే, ఆ టైంలో తారస్థాయి జోలికి వెళ్ళడం మాత్రం వద్దు. రాత్రి తిన్న వెంటనే పడుకునేవాళ్ళలో కడుపులో పులుపు పైకెక్కి పొద్దున గొంతు పట్టేసినట్టుంటుంది, తిండికీ పడకకీ మధ్య రెండు మూడు గంటలు ఉంచండి.

రోజూ నిలబెట్టుకోవడం ఎలా అన్నదానికి నా దగ్గర మంత్రాలేం లేవు. వారానికి ఐదు రోజులు పెట్టుకోండి, రెండు రోజులు గొంతుకి సెలవు. పని ఎక్కువైన రోజుకి ఒక కనీస మోతాదు ముందే అనుకోండి, ఐదు నిమిషాల బుర్ర్ చాలు, దాన్ని సాధన చేసిన రోజు కిందే లెక్కేయండి. ఒక చిన్న పుస్తకంలో ఒక్క లైను రాయండి: ఎన్ని నిమిషాలు, గొంతు ఎలా ఉంది, ఏ సంగతి ఇబ్బంది పెట్టింది. వారానికోసారి అదే నాలుగు లైన్లు ఫోన్‌లో రికార్డు చేయండి. మన గొంతు మనకి పుర్రె ఎముకల గుండా కూడా వినిపిస్తుంది కాబట్టి రికార్డింగ్‌లో ఎవరో పాడినట్టుంటుంది, మొదట్లో అందరికీ రోతగానే ఉంటుంది. అదే రోజు వినకండి. రెండు రోజులాగి, వేరేవాళ్ళ పాట విన్నట్టు వినండి. నెల దాటాక గొంతు ఒక్కసారి కూడా బొంగురుపోకపోతే వారానికి ఐదేసి నిమిషాల చొప్పున పెంచండి. నలభై నిమిషాలు దాటాక ఒకే బిగిన కాకుండా రెండు పూటలకి విడగొట్టండి. ఆపేముందు ఒక నిమిషం మళ్ళీ స్ట్రాతో పై నుంచి కిందకి జారి ముగించండి.

పాడుతుంటే నొప్పి వస్తే అక్కడికక్కడే ఆపాలి, నొప్పిని దాటి సాధన అనేది గొంతు విషయంలో లేదు. జలుబు బాగా ఉన్నప్పుడు, గొంతు మొద్దుబార్చే బిళ్ళలు వేసుకుని పాడొద్దు, దెబ్బ తగులుతున్నా తెలియదు. బొంగురు మూడు వారాలకి మించి ఉంటే ఈఎన్‌టీ డాక్టరుకి చూపించుకోండి, నాలాగా నెలలు ఆగకండి.

ఇంకా కొంచెం జీర ఉంది, రేపు మొదలుపెట్టనా అన్నారు. దానికి ఒక చిన్న పరీక్ష ఉంది. పక్కగదిలో పాప నిద్రపోతోంది అనుకుని, పై షడ్జమం దగ్గర వీలైనంత చిన్నగా "ఊ ఊ ఊ" అని విడివిడిగా అనండి. ప్రతిసారీ ముందు ఉత్త గాలి వచ్చి ఆ తర్వాత స్వరం అందుకుంటోందంటే ఇంకా వాపు ఉన్నట్టు. గట్టిగా పాడితే బాగానే పలుకుతోంది కదా అని మోసపోకండి, గట్టిగా పాడినప్పుడు ఆ లోపం కప్పబడిపోతుంది. అది ఏ గాలీ లేకుండా అనుకున్న క్షణంలో పలికిన రోజు మొదలుపెట్టండి. ఆ మొదటి రోజు మాత్రం పాట వద్దు, బుర్ర్ ఒక్కటే.